రెండవవాని ఋణము

జట్టులో రెండవవాడుగా నుండి, ఏండ్లకొలది బెంచిమీద కూర్చుండి, తుదకు మఱియొక జట్టునకు పోవు ఆటగానిని మనము ఏ కొలతతో కొలువవలెను? ప్రశ్న చిన్నదిగా కనబడును. ఆటలకు సంబంధించినదగుటచే దీనిని ధర్మవిచారణలోనికి తెచ్చుట కొందఱికి వింతగా కూడ తోచును. కాని మా హిందూపురపు కాఫీహోటళ్లలోను, పెనుకొండ బస్సుస్టాండువద్దను, ధర్మవరపు రైలుస్టేషనులోను యువకులు ఈ విషయమున ఇచ్చుచుండు తీర్పులను వినువారికి, ఈ ప్రశ్న ఆటతో ముగియునది కాదని వెంటనే తెలియును. మనిషిని వాడుకొనుట, నిలుపుకొనుట, సాగనంపుట అను మూడింటియందును మన న్యాయబుద్ధి ఎంతటిదో అచ్చట బయటపడుచున్నది.

అట్టివాడు జట్టును విడిచినాడను వార్త రాగానే రెండు మాటలు పుట్టును. మొదటిది, “పోయిననేమి? ఉన్నన్నాళ్లు వాడు చేసినదేమి?” అనునది. రెండవది, “అన్నము పెట్టిన ఇంటిని విడిచిపోయినాడు, విశ్వాసము లేనివాడు” అనునది. ఈ రెండు మాటలను తఱచుగా ఒకే నోరు, ఒక్క కప్పు కాఫీ ముగియులోపల, పలుకుచుండును. తర్కము కొంచెము చదివినవానికి ఇందలి దోషము కనబడకపోదు. అతడు నిజముగా పనికిరానివాడైనచో అతని పోకచేత మనకు నష్టము లేదు. నష్టమే లేనిచోట ద్రోహమను మాటకు తావు లేదు. అతని పోక ద్రోహమే యైనచో, అతనివలన మనకు ఏదో మేలు కలిగియుండవలెను. ఆ మేలును ఇన్నాళ్లు ఏల లెక్కింపలేదు? కథలోని నక్క, అందని ద్రాక్షపండ్లు పుల్లనివని ఒక్కమాటతో తృప్తిపడినది. మనము నక్కను మించినవారము. పండ్లు పుల్లనివనియు, ఆ పుల్లనిపండ్లనే ఎవరో దొంగిలించిరనియు, ఒకేసారి మొఱపెట్టుచున్నాము.

ఈ ప్రశ్న నేడు అమెరికాదేశపు కళాశాలల బాస్కెట్‌బాల్ ఆటయందు మిక్కిలి స్పష్టముగా కనబడుచున్నది. తెలుగుజిల్లాలనుండి ఎందఱో పిల్లలు ఆ దేశమునకు చదువులకై పోవుచుండుటచే అచ్చటి ఆటల ముచ్చటలు మన ఇండ్లకును వచ్చుచున్నవి. ఆ ఆటను ఎఱుగనివారికొఱకు రెండు మాటలు చెప్పెదము. ఒక్కొక్క పక్షమున ఐదుగురు ఆడుదురు. వారిలో మిక్కిలి పొడవరియు బలశాలియు నగు ఒకడు బుట్టకు చేరువగా నిలిచి, ఎదుటివారి బంతిని అడ్డుకొనుట, బుట్ట అంచునకు తగిలి వెనుకకు వచ్చిన బంతిని పట్టుట మొదలగు పనులు చేయును. ఇతనిని సెంటర్ అందురు. తక్కిన నలుగురి పనులను కొంతవఱకు ఒకరివి ఒకరు చేయవచ్చును. సెంటరు పనికి మాత్రము సాధారణముగా మఱియొక పొడవరియే కావలెను. కళాశాలల పురుషుల ఆట నలువది నిమిషములు. మొదటి సెంటరు ముప్పది నిమిషములు ఆడినచో రెండవవానికి మిగులునవి పది. మొదటివాడు అలసినప్పుడు గాని, ఐదు తప్పులు నిండి ఆటనుండి తొలగవలసివచ్చినప్పుడు గాని, రెండవవానికి పిలుపు వచ్చును. పిలుపు రానినాడు అతడు చెమట పట్టని చొక్కాతో తిరిగిపోవును.

పూర్వము ఇట్టివాడు వేఱొక కళాశాలకు మాఱినచో, సాధారణముగా ఒక సంవత్సరము ఆడకుండ వేచియుండవలెనను నిబంధన యుండెను. 2018 అక్టోబరులో, మాఱదలచినవారి పేర్లను నమోదుచేయు పట్టిక యొకటి ఏర్పడెను. 2021లో, మొదటిసారి మాఱువానికి ఆ సంవత్సరపు నిరీక్షణ తప్పెను. 2024లో, చదువున వెనుకబడనివాడు ఎన్నిమాఱులు మాఱినను అడ్డు లేకపోయెను. 2021 జూలైనుండి ఆటగాడు తన పేరును రూపమును ప్రకటనలకు ఇచ్చి ధనము పొందుటకు అనుమతి కలిగెను. 2025లో న్యాయస్థానము ఆమోదించిన ఒడంబడికచే కళాశాలలే ఆటగాండ్రకు నేరుగా సొమ్ము చెల్లించుటకు దారి ఏర్పడెను. తలుపులు తెఱచుకొనగానే రాకపోకలు పెరిగినవి. ఒక రెండవ సెంటరు పోవుచున్నాడని తెలియగానే, పాత కళాశాల అభిమానులు ఒకవైపునను, క్రొత్త కళాశాల అభిమానులు మఱియొకవైపునను చేరి, అతని ఎత్తును, బరువును, పట్టిన బంతులను, చేసిన తప్పులను, మిగిలిన సంవత్సరములను ఏకరువు పెట్టుదురు. ఎద్దుల పరసలో బేరగాడు నోరు తెఱపించి పండ్లు లెక్కించినట్లుండును. ఇరువదియేండ్ల పిల్లవాని చెవికి ఆ మాటలు చేరుననుట ఎవరికిని స్మరణకు రాదు.

ఈ ఆట పుట్టుకలో ఒక విశేషము కలదు. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున ఇంటిలోపల ఆడుకొనుటకై, పండ్లబుట్టలను గోడకు ఎత్తున తగిలించి దీనిని కల్పించెను. ఆయన తరగతిలో పదునెనిమిదిమంది విద్యార్థులుండిరి. కావున మొదటి ఆటలో ప్రక్కకు తొమ్మండుగురు ఆడిరి. ఎవ్వరును బయట కూర్చుండలేదు. ఉపాధ్యాయుడు తరగతికి సరిపోవు ఆటను కల్పించెను గాని, ఆటకు సరిపోవు కొందఱిని తరగతినుండి ఏరుకొనలేదు. తరువాత కొన్ని ఏండ్లకు ఐదుగురను నియమము స్థిరపడెను. దానిచే ఆటకు వేగమును అందమును కలిగినవి. దానితోడనే బెంచియు పుట్టినది. బెంచి ప్రకృతిసిద్ధమైనది కాదు. ఆటను నడుపువారును, చూచి ఆనందించువారును తమ సౌకర్యముకొఱకు ఏర్పఱచుకొన్నది. దానిని వేసినవారిమీద, దానిపై కూర్చున్నవాని బాధ్యతయు కొంత పడును.

మన తెలుగువారిలో దీనికి మిక్కిలి దగ్గఱగానున్న ఉదాహరణము క్రికెట్టునందలి వికెట్ కీపరుది. బ్యాటు పట్టువారిలో రెండవవాడైనను ఎచ్చటనో చోటు దొరకును. బంతి వేయువారు ఐదాఱుగురుందురు. కీపరు మాత్రము ఒక్కడే. కావున దేశములోనే రెండవ కీపరైనవానికి, మొదటివాడు కుశలముగానున్నంతకాలము, చేయుటకు పని లేదు. విశాఖపట్టణమువాడగు కోన శ్రీకర్ భరత్ జీవితము దీనికి నిదర్శనము. 2015 ఫిబ్రవరిలో ఒంగోలున గోవాజట్టుపై ఇతడు 308 పరుగులు చేసెను. రంజీ ట్రోఫీ పోటీలలో మూడువందలు దాటిన మొదటి వికెట్ కీపరు ఇతడే. అయినను భారతజట్టులో సాహా, పంత్ అనువారి వెనుక ఇతడు చాలకాలము వేచియుండెను. 2021 నవంబరులో కాన్పూరున న్యూజీలండుతో జరిగిన టెస్టులో సాహా మెడ పట్టివేయగా, మూడవనాడు ఇతడు మాఱుగా వచ్చి కీపింగు చేసి, రెండు క్యాచ్‌లు పట్టి, ఒకనిని స్టంపు చేసెను. ఆ ముగ్గురి పేర్లప్రక్కను లెక్కపుస్తకమున ఇతడు ‘మాఱు ఆటగాడు’ గానే నమోదయ్యెను. ఆ టెస్టు ఇతని టెస్టులలో లెక్కకు రాదు. మొదటి టెస్టు దొరకుటకు 2023 ఫిబ్రవరివఱకు ఆగవలసివచ్చెను. అదియు పంత్ కారు ప్రమాదమున గాయపడిన పిమ్మటనే.

ఐపీయల్ పోటీలలో ఇతని కథ మఱింత చిత్రమైనది. 2015లో ఢిల్లీజట్టు ఇతనిని తీసికొనెను గాని ఆడింపలేదు. 2021లో బెంగుళూరు పక్షమున ఆడుచు ఢిల్లీపై చివరి బంతిని సిక్సరుగా కొట్టి గెలిపించెను. మఱుసటి ఏడు ఢిల్లీ, ఆపై 2023లో గుజరాత్, 2024లో కలకత్తా. గుజరాత్ జట్టున ఒక్క ఆటయు ఆడలేదు. కలకత్తా జట్టున నొక్కటియు ఆడలేదు. ఆ ఏడు కలకత్తా విజేతగా నిలిచెను. గెలిచిన జట్టువాడను పేరు ఇతనికి దక్కెను. గెలుపులో నీ పాలెంత అనువానికి చూపుటకు ఒక్క పరుగు లేదు. 2024 సెప్టెంబరులో మా ప్రాంతమున అనంతపురమునందు దులీప్ ట్రోఫీ పోటీలు జరిగినప్పుడు ఇండియా-డి జట్టుతో ఇతడును వచ్చియుండెను.

అభిమానులు ఇతనిని గుఱించి ఏమనిరి? బ్యాటు చాలదనిరి. ఏడు టెస్టులలో 221 పరుగులు, అందులో అత్యధికము 44. ఇది న్యాయమైన విమర్శయే. రెండవవాడుగా నున్న ప్రతివాడును గుర్తింపబడని మహావీరుడని మేము చెప్పబోము. అనేకులు రెండవవారై యుండుటకు కారణము, మొదటివారు నిజముగా వారికంటె మేలైనవారై యుండుటయే. చూచువాడు నేర్పును తూచవచ్చును. తూచుటయే చూచుటలోని ఆనందము. కాని ‘బ్యాటు చాలదు’ అనుటకును, ‘మనిషి చాలడు’ అనుటకును నడుమ పెద్ద అగాధమున్నది. మొదటి మాట పరుగుల లెక్కనుండి పుట్టును. రెండవదానికి ఏ లెక్కయు ఆధారము కాదు. అయినను మన నాలుక ఆ అగాధమును తెలియకుండనే దాటుచుండును.

రెండవవాడు చేయు పనిలో అధికభాగము చూపఱకు కనబడనిది. రెండవ సెంటరు పోటీనాడు పది నిమిషములు ఆడవచ్చును, ఆడకపోవచ్చును. సాధనవేళలయందు మాత్రము ప్రతిదినము మొదటివానిని ఎదిరించి నిలుచువాడు అతడే. ఎదురువాడు బలహీనుడైనచో మొదటివాడు బలవంతుడు కానేరడు. మొదటివాని నేర్పులో రెండవవాని భుజముల దెబ్బలు కలసియున్నవి. ధర్మవరపు పట్టుచీరను కట్టుకొన్న ఇల్లాలు నేసినవానిని ఒక్కనిని తలచుకొనిన తలచుకొనవచ్చును. పట్టునకు రంగు వేసినవాడు, పడుగు సరిచేసినవాడు, కండెలు చుట్టినవారు ఆమె తలపునకు రారు. వారిలో ఏ ఒక్కరు మానినను ఆ చీర మగ్గమునుండి దిగదు. మా పెనుకొండ చరిత్రయు ఇదియే చెప్పుచున్నది. హంపీ వైభవముతోనున్న కాలమున పెనుకొండ రెండవ స్థానముననే యుండెను. 1565లో రక్కసతంగడి యుద్ధమున విజయనగరము కూలినప్పుడు, రాజవంశమునకు నిలువనీడ యిచ్చి రాజధానియైనది ఆ రెండవ కోటయే. అంతకుముందు ఏండ్ల తరబడి గోడలను కట్టించి, కావలివారిని నిలిపి, ధాన్యము నింపియుంచిన వ్యయమును ఆ దినమువఱకు ఎవరైన వ్యర్థమనియే యనుకొనియుండవచ్చును.

ఇక విశ్వాసము మాట. తెలుగు ఆటగాండ్రలో జట్టులు మాఱినవారిని తలచునప్పుడు హనుమ విహారి పేరు ముందుగా వచ్చును. ఇతడు రెండవవాడు కాడు, నాయకత్వము వహించినవాడు. అయినను విశ్వాసమనగానేమో విచారించుటకు ఇతని కథ ఉపకరించును. కాకినాడలో పుట్టి, హైదరాబాదు పక్షమున ఆట మొదలిడి, పిదప ఆంధ్రకు, 2021లో మరల హైదరాబాదునకు, 2022లో తిరిగి ఆంధ్రకు, 2025లో త్రిపురకు మాఱెను. 2024లో నాయకత్వపు విషయమై ఆంధ్ర క్రికెట్ సంఘముతో వచ్చిన వివాదము బహిరంగమే. ఆయన చెప్పినది ఒకటి, సంఘము చెప్పినది వేఱొకటి. అందు తీర్పరులము కాదలచుకొనలేదు. ఇన్నిసార్లు మాఱినవానికి విశ్వాసమెక్కడిదని కొందఱందురు. 2021 జనవరి 11వ తేదీన సిడ్నీలో తొడకండరము పట్టివేసి పరుగెత్తలేని స్థితిలో ఇతడు 161 బంతులను ఎదుర్కొని, 23 పరుగులతో నిలిచి, అశ్విన్ తోడుగా దేశమునకు ఓటమిని తప్పించెను. 2023లో ఇందూరున మధ్యప్రదేశ్‌తో ఆడునప్పుడు ముంజేతి యెముక విఱిగినను, కుడిచేతివాటపువాడు ఎడమచేతివాటమున నిలిచి, దాదాపు ఒంటిచేతితో, ఆంధ్రపక్షమున బ్యాటు పట్టెను. విఱిగిన చేతితో నిలిచినవాడు రెండేండ్లు గడచిన పిమ్మట వేఱొకచోటికి పోయెను గావున ఆ నిలుచుట అబద్ధమగునా? ఉన్నన్నాళ్లు పూర్ణముగా ఉండుట విశ్వాసము. ఎల్లకాలము ఉండుట విశ్వాసమైనచో, ఊరి పొలిమేరరాతిని మించిన విశ్వాసి లేడు.

పోకను విమర్శించు పద్ధతి మన ఇతిహాసములలో మిక్కిలి సూక్ష్మముగా కలదు. విభీషణుడు సముద్రము దాటి వచ్చినప్పుడు వానరసేనలో జరిగిన చర్చ, క్రొత్తగా చేరవచ్చినవానిని గుఱించిన చర్చయే. సుగ్రీవుడు శంకించెను. జాంబవంతుడు, రాకూడని చోట రాకూడని వేళ వచ్చెననెను. హనుమంతుడు అతని మాటతీరును ముఖభావమును పరిశీలించి, స్వీకరింపదగినవాడనెను. ఇచ్చట గమనింపవలసినది వేఱొకటి కలదు. విభీషణుడు లంకను విడుచుటకు ముందు, నిండుకొలువులో అన్నయెదుట నిలిచి, హితము చెప్పి, అవమానము పొంది, చెప్పిపోయెను. అయినను మన సామెత ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని అతనినే దూఱుచున్నది. ఆ కొలువులో మాట వినని అన్నను దూఱు సామెత మనకు పుట్టలేదు. కురుక్షేత్రమున యుయుత్సువు కథయు ఇట్టిదే. ఇరుసేనలు ఎదురెదురుగా నిలిచినప్పుడు, మా పక్షమునకు వచ్చువారు రావచ్చునని ధర్మరాజు బిగ్గఱగా పిలిచెను. ధృతరాష్ట్రుని కొడుకగు యుయుత్సువు అందఱును చూచుచుండగా దాటి వచ్చెను. యుద్ధము మొదలుకాకముందు వచ్చెను; రాత్రివేళ రాలేదు. భారతము అతనిని ద్రోహిగా చిత్రింపలేదు. తుదకు పాండవులు రాజ్యము విడిచి పోవునప్పుడు బాలుడగు పరీక్షిత్తు రాజ్యమును కనిపెట్టియుండు భారమును అతనికే అప్పగించిరి.

ఈ కథలనుండి మూడు పరీక్షలను తీసికొనవచ్చునని మాకు తోచుచున్నది. ఇంతకాలముందునని ఇచ్చిన మాటను అతడు చెల్లించెనా, లేక నడిమిలో విడిచెనా? శిక్షకునికిని తోడివారికిని ముఖాముఖి చెప్పి పోయెనా, లేక పోయినట్లు ఇతరులవలన తెలిసెనా? ఉన్న తుదిదినమువఱకు సాధనలో ఒళ్లు దాచుకొనక శ్రమించెనా? ఈ మూడింటను నిలిచినవానికి జట్టునకు చెల్లింపవలసిన బాకీ లేదు. నిలువనివానిని విమర్శింపుడు, మేమును మీతో చేరెదము. పోటీలనడుమ తోడివారిని నట్టేట విడిచినవాడు, రెండవవాడైనను మొదటివాడైనను, తప్పుచేసినవాడే.

చదువరులు కొన్ని ఆక్షేపణలు చేయవచ్చును. చదువు చెప్పి, తిండి పెట్టి, నేర్పు నేర్పిన సంస్థకు కృతజ్ఞత వలదా? వలయును. కాని మన పూర్వుల గురుకులములను తలచికొనుడు. విద్య ముగిసిన శిష్యుని సమావర్తనము చేసి ఇంటికి పంపుట గురువు ధర్మము. శిష్యుడు దక్షిణ యిచ్చి, నమస్కరించి, పోయెను. కృతజ్ఞత అతనితోకూడ పోయినది, అతనిని కట్టివేయలేదు. నేర్పిన విద్యను ప్రయోగించుటకు చోటు చూపని గురువు, చోటు వెదకికొని పోవు శిష్యుని కృతఘ్నుడనుట ఏ స్మృతిలోను కానరాదు.

ధనముకొఱకు పోవువానిని ఏమందురని మఱియొక ఆక్షేపణ. పురుషుడు అర్థమునకు దాసుడనియు, కౌరవుల అర్థముచే తాను కట్టువడితిననియు భీష్ముడంతటివాడు ధర్మరాజుతో ఒప్పుకొనెను. ఆయన నిలిచినదియు కొంత ధనమువలననే. ధనముచే నిలిచినవానిని విశ్వాసియనియు, ధనముచే కదలినవానిని ద్రోహియనియు పిలుచుట, మనయొద్దనున్న ధనమును మాత్రము పవిత్రమనుటయే. ఐపీయల్ వేలములోనైతే ఆటగాడు పోవు చోటును తానెన్నుకొనడు, కొన్నవాడు ఎన్నుకొనును. అట్టివానికి విశ్వాసపాఠము చెప్పుట మఱింత వింత.

మూడవ ఆక్షేపణ బలమైనది. అందఱును ఇట్లు పోవుచుండినచో చిన్న జట్టులు పెద్ద జట్టులకు నారుమళ్లుగా మిగిలిపోవునే యని. ఇది నిజము. దీనిని మేము త్రోసివేయలేము. పేద కళాశాల రెండేండ్లు పెంచిన పిల్లవానిని ధనిక కళాశాల ఒక్క మాటతో తీసికొనిపోవును. మిగిలిన పిల్లలు ఏటేటను క్రొత్తముఖములతో ఆడవలసివచ్చును. స్నేహమునకు, ఓర్పునకు, కలసి ఓడి కలసి గెలుచుటకు కాలము చాలదు. కాని ఈ నష్టమును కలిగించువారు నియమములు చేయువారు, ధనము వెదజల్లువారు. రెండవవాడు సాధారణముగా పెద్దచోటినుండి చిన్నచోటికే పోవును, ఆడుటకు నాలుగు నిమిషములు ఎక్కువ దొరకునని. అతనివలన చిన్న జట్టునకు బలము కలుగును గాని లోపము కలుగదు. దొరలను విడిచి సేవకుని కొట్టినట్లు, వ్యవస్థపై కోపమును ఇతనిపై చూపుట న్యాయము కాదు.

ఇంతవఱకు చెప్పినది దూరదేశముల మాటగా తోచినచో, మన బడులను చూడుడు. హిందూపురమునుండి బెంగుళూరు రైలులో రెండుమూడు గంటల దూరము. పదవతరగతి ముగియగానే మా మూడు ఊళ్లనుండి ఎందఱో పిల్లలు అచ్చటి కళాశాలలకు పోవుచున్నారు. వారిలో ఆటగాండ్రును ఉన్నారు. ఇచ్చటి బడిలో ఒక పిల్లవాడు మూడేండ్లు కబడ్డీజట్టున గాని, వాలీబాల్ జట్టున గాని ఎక్‌స్ట్రాగా ఉండును. పోటీలకు పోవునప్పుడు బస్సుపైకి సంచులెత్తును, విరామమున నీళ్లు అందించును, తోడివాని చెప్పులను కనిపెట్టుకొని కూర్చుండును. ప్రతి సంవత్సరమును మేము ఉపాధ్యాయులము అతనితో ఒకే మాట చెప్పుదుము: “వచ్చే ఏడు చూతములే.” ఈ ‘చూతములే’ అను మాటలో ఎంత అసత్యమున్నదో ఆలోచింపవలెను. వచ్చే ఏటికి అతనికంటె పొడవరి ఎనిమిదవతరగతినుండి వచ్చుచున్నాడని మనకు తెలియును. అయినను సాధనకు ఎదురువాడొకడు కావలెను గావున ఆ పిల్లవాని ఆశను ఆర్పివేయము. వాని సంవత్సరమును మనము అప్పుగా తీసికొని, పత్రము వ్రాయము, తీర్చము. పిదప వాడు బెంగుళూరుననో అనంతపురముననో వేఱొక జట్టున చేరి మనకు ఎదురుగా ఆడినప్పుడు, గోడప్రక్కను నిలిచి, ‘మన బడిలో నేర్చి మనపైననే’ యని సణుగుకొందుము.

మేము కోరునది పెద్దది కాదు. రెండవవానికి సత్యము చెప్పవలెను. నీకు ఈ ఏడు ఇంత అవకాశమున్నది, పై ఏడు ఇంతకంటె ఉండకపోవచ్చును, నీవు ఉండదలచిన సంతోషము, పోదలచిన నేనే ఉత్తరము వ్రాసి యిచ్చెదనని చెప్పగల ధైర్యము ఉపాధ్యాయునకు ఉండవలెను. గెలుపు నిశ్చయమైన ఆటలోనైనను అతనిని ఐదు నిమిషములు బరిలో దింపవలెను. ఓడిపోవునను భయము లేనినాడును దింపనివాడు ఏనాడును దింపడు. జట్టు గెలిచినప్పుడు చదువు పేర్లలో అతని పేరును చదువవలెను. ఈ మూడును చేసిన బడిని విడిచిపోవు పిల్లవాడు ఆ బడిని మఱవడు. ఈ మూడును చేయని బడికి, పోయినవానినుండి విశ్వాసము కోరు అధికారము లేదు.

చూపఱులకును ఒక ధర్మమున్నది. రెండవవాడు పోయినాడని విన్ననాడు అతని నేర్పును మీరు తూచుకొనుడు. పొడవు చాలదనుడు, వేగము చాలదనుడు, మీ కన్ను మీది. తరువాత ఒక్క క్షణము ఆగి, అతడు కూర్చున్న సాయంకాలములను కూడ లెక్కలో వేయుడు. మన ఇండ్లలో గడప దాటువాడు ‘పోయెదను’ అనడు, ‘పోయివచ్చెదను’ అనును. ఉన్నవారును ‘పో’ అనరు, ‘పోయిరా’ అందురు. తిరిగి రాడని తెలిసిన కూతురినైనను, కొడుకునైనను ఆ మాటతోనే పంపుదుము. మన జట్టు విడిచి ఆడుటకై పోవు పిల్లవానికి ఆ ఒక్కమాట చాలును.